పేపర్లు చదివే సభల వల్ల మనకేంటి లాభం?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఇంటర్నెట్ సెక్యూరిటీ మీద యూనివర్సిటీల వాళ్లు ఏటా జరిపి, పేపర్లు (అంటే పరిశోధన వ్యాసాలు) చదివే రీసెర్చ్ కాన్ఫరెన్సులు నిజంగా పనికొస్తాయా, వెళ్లాలా, వెళ్లకపోతే ఏమన్నా పోతుందా అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి జరిపి, చోటంతా వీటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా కంపెనీలో నెట్‌వర్క్ భద్రత చూసే చిన్న టీంలో పనిచేస్తాను. ఒక సెక్యూరిటీ కాన్ఫరెన్స్‌కి పంపమని అడిగితే మా మేనేజర్, "ప్రొఫెసర్లు ఒకరి పేపర్లు ఒకరు చదువుకునే సభకి మనం డబ్బులెందుకు తగలేయాలి? అక్కడ చెప్పింది మనకి ఎప్పుడైనా పనికొచ్చిందా?" అన్నారు. నాకు చటుక్కున జవాబు తోచలేదు. మీరైతే ఏం చెప్తారు?
– ఒక నెట్‌వర్క్ ఇంజనీర్

జవాబు: మీ మేనేజర్ గారిని ఎదురు ప్రశ్న ఒకటి అడగండి. మూడు నెలలకోసారి అందరూ పాస్‌వర్డ్ మార్చి తీరాలనే రూల్ మీ ఆఫీసులో ఇంకా ఉందా? ఉంటే, దాంతో పెద్దగా ఒరిగేదేమీ లేదని 2010లోనే లెక్క వేసి చూపించారు, ఆ కబురు మీ దాకా రాలేదంతే. తీసేసి ఉంటే మాత్రం దాని వెనక ఉన్నది ఆ ప్రొఫెసర్ల సభలే.

ఆ ఏడాది సీసీఎస్ అనే కాన్ఫరెన్స్‌లో అమెరికాలోని నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్లు ముగ్గురు ఒక పేపర్ ఇచ్చారు. వాడకంలో లేని పాత ఖాతాలు 7,700కి పైగా తీసుకుని, గడువు వచ్చినప్పుడల్లా ఒక్కో మనిషి ఏ పాస్‌వర్డ్‌ని ఏ పాస్‌వర్డ్‌గా మార్చాడో వరసగా చూశారు. ఏం మారుస్తామండీ, మీరూ నేనూ చేసేదే కదా. చివర 1 ఉంటే 2 చేస్తాం, ఎస్ ఉన్న చోట డాలర్ గుర్తు పెడతాం, ముందున్న అంకెని వెనక్కి జరుపుతాం, అక్కడితో పని అయిపోయిందనుకుంటాం. ఈ అలవాట్లన్నిటినీ ఒక ప్రోగ్రాంగా రాసి, పాత పాస్‌వర్డ్ తెలిసిన దొంగ కొత్తదాన్ని పట్టుకోగలడా అని చూస్తే 17 శాతం ఖాతాల్లో సగటున ఐదు ఊహలు కూడా అక్కర్లేకపోయింది. దొంగిలించిన పాస్‌వర్డ్ ఫైలు దగ్గర పెట్టుకుని తీరిగ్గా ప్రయత్నించేవాడికైతే 41 శాతం కొత్త పాస్‌వర్డ్‌లు ఒక్కోటీ మూడు సెకన్లలోపే దొరికిపోయాయి.

గడువు పెట్టి మార్పిస్తే భద్రత పెరుగుతుందన్నది అప్పటిదాకా అందరూ అలవాటు కొద్దీ నమ్మిన మాట. కొన్నేళ్లకి, 2017లో, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన మార్గదర్శకాలు మార్చి, పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప ఊరికే గడువు పెట్టి మార్పించొద్దని చెప్పింది. ఈ ఒక్క పేపర్ వల్లే మారిందని నేను అనను, ఇలాంటివి ఇంకా ఉన్నాయి. కానీ అమ్మే సరుకేమీ లేనివాళ్లు కూర్చుని ఇలాంటి లెక్కలు వెయ్యకపోతే ఆ రూల్ ఇంకో ముప్పై ఏళ్లు నడిచేది. ఒక్కసారి ఆలోచించండి, ఏ సెక్యూరిటీ కంపెనీకైనా "ఈ రూల్ దండగ, తీసేయండి" అని చెప్పడం వల్ల ఏం లాభం?

ఇంకోటి కూడా చెప్పండి ఆయనకి. బ్రౌజర్‌కీ సైటుకీ మధ్య మాటలు ఎవరూ వినకుండా కాపాడే టీఎల్‌ఎస్ అని ఒకటుంది కదా, దాని పాత వెర్షన్ల చరిత్ర అంతా ఒకటే తంతు: ముందు విడుదల చేస్తారు, తర్వాత ఎవరో కాన్ఫరెన్స్‌లో దాన్ని బద్దలుకొట్టి చూపిస్తారు, అప్పుడు అతుకు వేస్తారు, మళ్లీ ఇంకెవరో బద్దలుకొడతారు. 1.3 వెర్షన్ రాసేటప్పుడు ఈ వరస మార్చారు. చిత్తుప్రతి దశలోనే పరిశోధకుల చేతికిచ్చి, విరగ్గొట్టండి లేదా విరగదని నిరూపించండి అన్నారు. 2016 ఫిబ్రవరిలో శాన్ డియాగోలో ఎన్‌డీఎస్‌ఎస్ కాన్ఫరెన్స్‌తో పాటే దీనికోసం ప్రత్యేకంగా ఒక వర్క్‌షాప్ పెట్టారు. గణితంతో నిరూపణలు రాసేవాళ్లూ, ఆ ప్రోటోకాల్‌ని కోడ్‌గా రాసేవాళ్లూ ఒకే గదిలో కూర్చున్నారు. మామూలుగా ఈ రెండు జాతులూ ఒకరి మెయిల్‌కి ఒకరు జవాబు కూడా ఇచ్చుకోవు. ప్రమాణం చివరికి 2018 ఆగస్టులో వచ్చింది, ఆలస్యమైనా గట్టిగా వచ్చింది. ఇప్పుడు మీ మేనేజర్ గారు బ్యాంకు సైటు తెరిస్తే చాలావరకు దాని మీదే నడుస్తుంది.

అలాగని వచ్చిన పేపర్లన్నీ ఇలాంటివే అనుకోకండి. సగానికి సగం, ఇంకా ఎక్కువేనేమో, రాసినవాళ్లూ, రివ్యూ చేసినవాళ్లూ (తీసుకోవాలా వద్దా అని ముందుగా చదివి తేల్చేవాళ్లు) తప్ప ఎవరూ తిరిగి తెరవరు. మీ ఒక్కరినీ పంపమని అడగండి, అది కూడా మీ పనికి దగ్గరైన పేపర్లు ఉన్న ఏడాదే. మొత్తం టీంని పంపమంటే మాత్రం నేను మేనేజర్ పక్షమే.

ప్రశ్న: లోపాలు కనిపెట్టడం వరకు బాగానే ఉంది. కానీ వాటిని స్టేజీ ఎక్కి అందరికీ చెప్పడం దొంగ చేతికి తాళంచెవి ఇవ్వడం కాదా? గుట్టుగా కంపెనీకి చెప్పి ఊరుకోవచ్చుగా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: మీ భయం నాకర్థమవుతుంది సార్, కానీ జరిగే క్రమం మీరనుకున్నట్టు ఉండదు. క్రాక్ అని 2017లో వైఫై లోపం ఒకటి బయటపడింది, అప్పట్లో వార్తాపత్రికలన్నీ మోగిపోయాయి. బెల్జియంలోని లూవెన్ యూనివర్సిటీలో మాథీ వాన్‌హోఫ్, ఫ్రాంక్ పీసెన్స్ అనే ఇద్దరు దాన్ని కనిపెట్టారు. వైఫైలో ఫోనూ రూటరూ కలిసేటప్పుడు నాలుగు సందేశాలు ఇచ్చి పుచ్చుకుంటాయి, అందులో మూడోదాన్ని పట్టుకుని మళ్లీ పంపిస్తే ఫోను ఒకసారి వాడేసిన తాళాన్నే మొదటినుంచీ మళ్లీ వాడటం మొదలుపెడుతుంది, అక్కడ గుట్టు రట్టవుతుంది. అదీ సంగతి. జులైలోనే కంపెనీలకి చెప్పడం మొదలుపెట్టారు. ఆగస్టు చివర్లో అమెరికాలోని ఒక సమన్వయ కేంద్రం ద్వారా మిగతా తయారీదారులందరికీ కబురు వెళ్లింది. లోకానికి తెలిసింది అక్టోబర్ 16న. కాన్ఫరెన్స్‌లో పేపర్ చదివింది ఆ తర్వాత రెండు వారాలకి. అంటే స్టేజీ ఎక్కేసరికి అది పాత వార్త. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలైతే మరీను, 2018 జనవరిలో బయటపడితే మెల్ట్‌డౌన్ పేపర్ ఆ ఆగస్టులో, స్పెక్టర్ పేపర్ మరుసటేడు కాన్ఫరెన్సులకెక్కాయి.

మరి గుట్టుగా చెప్పి ఊరుకుంటే? ఊరుకుంటే వాళ్లూ ఊరుకుంటారు, అదే చిక్కు. కాన్ఫరెన్స్ తేదీ అన్నది ఎవరి కోసమూ జరగదు. ఫలానా రోజున ఇది అందరికీ తెలిసిపోతుందని కంపెనీకి తెలుసు, ఆ లోపు సరిచేసుకోవాలి. ఆ టెన్షన్ లేకపోతే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే కోడ్) అనేది "వచ్చే క్వార్టర్‌లో చూద్దాం" జాబితాలోకి వెళ్లిపోతుంది. నన్నడిగితే ఈ కాన్ఫరెన్సుల విలువలో సగం ఈ కదలని తేదీలోనే ఉంది, దీన్ని ఎవరూ బ్రోషర్‌లో రాయరు.

నోరు మూయించాలని చూసిన సందర్భాలూ ఉన్నాయి. కార్ల తాళాల్లో వాడే మెగామోస్ అనే చిప్‌లో లోపం కనిపెట్టిన ముగ్గురు 2013లో యూసెనిక్స్ సెక్యూరిటీ కాన్ఫరెన్స్‌లో చెప్పబోతే, చిప్ తయారీదారుకి నెలల ముందే చెప్పినా సరే, ఫోక్స్‌వ్యాగన్ ఇంగ్లండ్ హైకోర్టుకి వెళ్లి ఆపించింది. రెండేళ్లు బేరాలు నడిచాక 2015లో అదే కాన్ఫరెన్స్‌లో పేపర్ వచ్చింది, ఎంత తీసేశారంటే ఒక్క వాక్యం. ఆ రెండేళ్లూ ఆ కార్లు రోడ్ల మీదే తిరిగాయి. కొన్నవాళ్లకి తప్ప ఆసక్తి ఉన్నవాళ్లందరికీ ఏదో లోపం ఉందని తెలుసు, కోర్టు కేసే చాటింపు వేసింది మరి!

ఒక విషయంలో మాత్రం మీ పక్షాన ఉంటాను. పరిశోధన పేరుతో జనాన్ని చెప్పకుండా ప్రయోగానికి పెట్టడం. 2020లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయైన కెర్నెల్‌లోకి కావాలని లోపాలున్న ప్యాచ్‌లు పంపి, చూసేవాళ్లు పట్టుకుంటారా లేదా అని పరీక్షించారు. చూసేవాళ్లకి ముందుగా చెప్పలేదు. 2021లో గొడవై, కెర్నెల్ వాళ్లు ఆ యూనివర్సిటీ నుంచి వచ్చే మార్పుల్నే నిషేధించారు, రచయితలు పేపర్ వెనక్కి తీసుకున్నారు. అసలు ఆ పేపర్‌ని పేరున్న కాన్ఫరెన్సే ముందు అంగీకరించిందన్నది మర్చిపోకూడదు. రివ్యూ చేసినవాళ్లకి అందులో మనుషులున్నారని తట్టలేదో, తట్టినా సర్దుకున్నారో. ఇప్పుడు పెద్ద కాన్ఫరెన్సులు చాలావరకు నైతిక విషయాల గురించి విడిగా రాయమంటున్నాయి, అది కావాల్సిందే.

ప్రశ్న: నేను ఎంటెక్ చదువుతున్నాను. "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి" అంటూ ఒక అంతర్జాతీయ సైబర్ సెక్యూరిటీ కాన్ఫరెన్స్ నుంచి మెయిల్ వచ్చింది. ఫీజు కడితే వారంలో అంగీకార పత్రం, ప్రచురణ గ్యారంటీ అంటున్నారు. మా సీనియర్లు చాలామంది ఇలాగే చేశారు. నేనూ పంపించనా?
– ఒక విద్యార్థిని

జవాబు: వద్దమ్మా. నిన్ను ప్రొఫెసర్ గారూ అన్నప్పుడే నీకు సగం తెలిసిపోయి ఉండాలి.

2005లో అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు కంప్యూటర్ చేత అర్థంపర్థం లేని పేపర్ ఒకటి తయారు చేయించి, ఇలాగే మెయిళ్ల మీద మెయిళ్లు పంపే ఒక కాన్ఫరెన్స్‌కి పంపారు. అంగీకరించారు! వాక్యాలు వ్యాకరణంగా ఉంటాయి, గ్రాఫులుంటాయి, విషయం మాత్రం సున్నా. ఇప్పుడు ఏఐతో ఇలాంటివి రాయడం ఇంకా తేలిక, కాబట్టి చదవకుండా అంగీకరించే చోట నీ పేరు ఉండటం నీకే ఎదురు తిరుగుతుంది.

ఈ రంగంలో అందరూ గౌరవించేవి ముఖ్యంగా నాలుగు. ఐట్రిపుల్‌ఈ అనే ఇంజనీర్ల సంఘం జరిపే సెక్యూరిటీ సింపోజియం 1980 నుంచి నడుస్తోంది, చాలా ఏళ్లు ఓక్లాండ్‌లో జరగడం వల్ల ఊరు మారినా పాతవాళ్లు ఇప్పటికీ "ఓక్లాండ్" అనే అంటారు. యూసెనిక్స్ సెక్యూరిటీ 1988లో చిన్న వర్క్‌షాప్‌గా మొదలైంది. సీసీఎస్, ఎన్‌డీఎస్‌ఎస్ రెండూ 1993లో మొదలైనవి. ఎన్‌క్రిప్షన్ గణితం అయితే క్రిప్టో, యూరోక్రిప్ట్ అనే కాన్ఫరెన్సులు. వీటిలో పంపినవాటిలో ఎక్కువ భాగం తిరిగొచ్చేస్తాయి, మొదటి పేపర్‌తోనే అక్కడికి వెళ్లాలని ఎవరూ అనరు. కానీ వాటితో పాటే జరిగే వర్క్‌షాప్‌లు ఉంటాయి, పోస్టర్ సెషన్లు (చేసిన పనిని పెద్ద కాగితం మీద పెట్టి వచ్చినవాళ్లకి వివరించేవి) ఉంటాయి. పోస్టర్ దగ్గర రెండు గంటలు నిలబడితే వచ్చేపోయేవాళ్లు వేసే ప్రశ్నలు, నీ గైడ్ ఏడాదిలో వేసినవాటికంటే ఎక్కువుంటాయి.

తెలియని కాన్ఫరెన్స్ అయితే ఇలా చూడు. ప్రోగ్రాం కమిటీలో (పేపర్లు ఎంపిక చేసేవాళ్లలో) ఉన్నారని రాసిన ఒకరిద్దరి సొంత పేజీలు తెరువు, ఈ కాన్ఫరెన్స్ పేరు వాళ్లు ఎక్కడా చెప్పుకోకపోతే వాళ్ల పేర్లు అడక్కుండా వాడుకున్నారేమో అని అనుమానించు. కిందటేడు పేపర్లు తెరిచి రెండు చదువు. వ్యవసాయం నుంచి సైబర్ సెక్యూరిటీ దాకా, మధ్యలో మేనేజ్‌మెంట్ కూడా, అన్నిటికీ ఒకే సభ అంటే దండం పెట్టేయ్. సీనియర్లు చేశారంటావా, వాళ్ల ఇంటర్వ్యూలో ఆ పేపర్ గురించి ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగారేమో కనుక్కో.

ప్రశ్న: పీహెచ్‌డీ మూడో ఏడాది. ఒకే పేపర్ మూడు కాన్ఫరెన్సుల్లో తిరస్కరించారు. మొదటిచోట బాగుందన్నదాన్నే రెండోచోట బలహీనత అన్నారు. ఇది లాటరీ కాకపోతే ఏమిటి? ఈలోపు ఇదే పని ఇంకెవరైనా ప్రచురించేస్తారేమోనని నిద్ర పట్టడం లేదు.
– పేరు రాయొద్దన్న పాఠకుడు

జవాబు: కొంత లాటరీయే, దాచడమెందుకు. సెక్యూరిటీలో కాదుగానీ మెషిన్ లెర్నింగ్‌లో నిప్స్ అనే పెద్ద కాన్ఫరెన్స్ 2014లో ఒక ధైర్యమైన పని చేసింది. వచ్చిన పేపర్లలో దాదాపు పదో వంతుని ఒకరికొకరికి తెలియకుండా రెండు వేర్వేరు కమిటీలకిచ్చింది. దాదాపు 26 శాతం పేపర్ల మీద రెండు కమిటీల నిర్ణయాలు వేరయ్యాయి. వినడానికి పర్లేదనిపిస్తుంది, కానీ ఎక్కువ పేపర్లు ఎలాగూ తిరస్కరించేవే కదా, కాబట్టి లెక్కని తిప్పి చూస్తే ఒక కమిటీ అంగీకరించినవాటిలో సగానికి పైగా రెండోది తీసి పక్కన పెట్టింది. మరీ బాగున్నవీ మరీ బాగోనివీ తేలిపోతాయి, మధ్యలో ఉన్నవాటి జాతకం ఆ రోజు ఎవరి చేతిలో పడ్డాయన్నదాన్ని బట్టి ఉంటుంది. సెక్యూరిటీలో ఇందుకు భిన్నంగా ఉంటుందని నాకేమీ నమ్మకం లేదు.

కాబట్టి మూడుసార్లు తిరిగొచ్చిందని పని చెడ్డదనుకోకండి, అలాగని రివ్యూలు చింపెయ్యనూ వద్దు. మూడు చోట్లా ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే చోట తట్టుకుని పడ్డారా? అక్కడ గుంట ఉన్నట్టే, వాళ్లు చెప్పిన కారణాలు వేరైనా సరే. సాధారణంగా అది దాడి చేసేవాడి శక్తి ఎంతని మీరు అనుకున్నారో రాసిన పేరాలో ఉంటుంది. దొంగ నెట్‌వర్క్‌ని చూడగలడా, మార్చగలడా, ఫోను వాడి చేతిలో ఉందా అన్నది మొదటి పేజీలోనే తేల్చకపోతే రివ్యూ చేసేవాళ్లు తలొక దొంగని ఊహించుకుని చదువుతారు, అప్పుడు ఒకరికి బాగుంది ఇంకొకరికి బాగోలేదు. కోడ్, డేటా కూడా సిద్ధంగా పెట్టుకోండి. ఇప్పుడు చాలా కాన్ఫరెన్సుల్లో విడిగా ఒక కమిటీ ఉండి, అంగీకరించిన పేపర్ల కోడ్‌ని నడిపి చూసి ఫలితాలు తిరిగి వస్తే ముద్ర వేస్తుంది. ఆ ముద్రకి రాను రాను విలువ పెరుగుతోంది.

ఇంకెవరో ముందు వేసేస్తారన్న భయానికి 2012 నాటి కథ చెప్తాను. ఇంటర్నెట్‌లో బయటికి కనిపించే ఎన్‌క్రిప్షన్ తాళాలన్నీ (పబ్లిక్ కీలు) సేకరించి, వాటిలో ఒకే ప్రధాన సంఖ్యని పంచుకున్నవి ఉన్నాయేమోనని రెండు బృందాలు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా వెతికాయి. ఆర్‌ఎస్‌ఏ అనే పద్ధతిలో తాళం రెండు పెద్ద ప్రధాన సంఖ్యల గుణకారంతో తయారవుతుంది. అలాంటి రెండు తాళాలకి ఒక ప్రధాన సంఖ్య ఉమ్మడిగా ఉంటే స్కూల్లో నేర్చుకున్న గ.సా.భాతో రెండూ తెరుచుకుంటాయి, అంతే! అలా టీఎల్‌ఎస్ వాడే యంత్రాల్లో 0.5 శాతం రహస్య తాళాలు దొరికిపోయాయని ఒక బృందం లెక్క తేల్చింది. ఆన్ చేసిన వెంటనే, ఇంకా సరిపడా యాదృచ్ఛికత (ఎవరూ ఊహించలేని అంకెలు) పోగు కాకముందే తాళం తయారు చేసుకునే రూటర్ల వంటి చిన్న పరికరాలే ఎక్కువగా దొరికాయి. ఒకరి పేపర్ క్రిప్టోలో, ఇంకొకరిది యూసెనిక్స్ సెక్యూరిటీలో, రెండూ ఆ ఏడాది ఆగస్టులోనే వచ్చాయి, రెండోదానికి అక్కడ ఉత్తమ పేపర్ బహుమతి కూడా దక్కింది. ఒకరు చెప్పిందాన్ని ఇంకొకరు విడిగా చూపించడంతో తయారీదారులకి కాదనే దారి లేకుండా పోయింది. మీది కూడా అలా రెండోదైనా ఫర్వాలేదు, కారణం మీరు ఇంకా లోతుగా చెప్పగలిగితే.

ప్రశ్న: పేపర్లు, వీడియోలు ఇంట్లో కూర్చునే చూడొచ్చు కదా. ఇక వెళ్లడం దేనికి?
– ఒక ప్రోగ్రామర్

జవాబు: వినడానికే అయితే వెళ్లక్కర్లేదు. యూసెనిక్స్ 2008 నుంచీ తన కాన్ఫరెన్స్ పేపర్లన్నీ అందరికీ ఉచితంగా పెట్టేసింది, ఎన్‌డీఎస్‌ఎస్‌వీ దొరుకుతాయి, మిగతావాళ్లవి రచయితల పేజీల్లో ఉంటాయి. పదిహేను నిమిషాల ప్రసంగం కంటే పేపర్ చదవడమే మేలు. వెళ్లాల్సింది పేపర్‌లో రాయనిదాని కోసం: ఏ ప్రయోగం పని చేయలేదు, ఏ కంపెనీ వాళ్లు మెయిల్‌కి జవాబివ్వలేదు, ఈ అంకె ఎందుకింత గుండ్రంగా ఉంది. ఇవి టీ టైంలో నోటితో చెప్తారు, రాతలో ఎప్పటికీ పెట్టరు. అడగడానికి మీ దగ్గర అలాంటి ప్రశ్న లేకపోతే ఆ ఏడాదికి ఇంట్లోనే ఉండండి, విమానం ఖర్చు మిగులుతుంది.

ప్రశ్న: నాకు డిగ్రీ లేదు, సొంతంగా నేర్చుకుని లోపాలు వెతుకుతుంటాను. ఇలాంటి కాన్ఫరెన్స్‌కి నాలాంటివాడు పేపర్ పంపొచ్చా, లేక బ్లాక్ హ్యాట్, డెఫ్‌కాన్ లాంటి హ్యాకర్ల సభలే మాకు గతా?
– ఒక పాఠకుడు

జవాబు: పంపొచ్చు. పెద్ద కాన్ఫరెన్సుల్లో రివ్యూ చేసేవాళ్లకి మీ పేరూ ఊరూ కనపడవు, పేపర్ ఒక్కటే కనపడుతుంది, అందులో డిగ్రీల ప్రస్తావన ఉండకూడదు కూడా. చిక్కల్లా వేరేచోట ఉంటుంది. డెఫ్‌కాన్‌లో "ఇదిగో బద్దలుకొట్టాను" అంటే చప్పట్లు కొడతారు, అక్కడ అది చాలు, తక్కువ చేసి చెప్పడం లేదు. ఇక్కడ మాత్రం ఆ ఒక్క పరికరాన్ని బద్దలుకొట్టారు సరే, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి, ఎందుకు ఇలా జరిగింది, ఇంతకుముందు ఎవరెవరు దీని దగ్గరిదాకా వచ్చారు అని అడుగుతారు. ఆ చివరి ప్రశ్న దగ్గరే సొంతంగా నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా జారిపోతారు, తెలివి తక్కువై కాదు, పాత పేపర్లు చదివే అలవాటు లేక. మీరు కనిపెట్టినదానికి దగ్గరగా ఉన్న పేపర్లు ఓ పది తీసి, వాటి రచయితల్లో ఇప్పటికీ అదే పని చేస్తున్న ఒకరికి చిన్న మెయిల్ రాయండి. లోపం వివరాలు అందులో పెట్టకండి, ముందు కంపెనీకి చెప్పారా లేదా అన్నది మాత్రం రాయండి, అవతలివాళ్లు మొట్టమొదట అడిగేది అదే.